అంతర్జాలానికి నీరటికాడు ఎవరు?

ఓరుగల్లు నేలినవారి కీర్తి కోటగోడలలో కంటె చెరువుగట్ల మీద ఎక్కువగా నిలిచి ఉన్నదనుట అతిశయోక్తి కాదు. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు శతాబ్దాలుగా మన పొలాలను తడుపుతూనే ఉన్నవి. అయితే చెరువు తవ్వించినంత మాత్రాన చివరి మడికి నీరు చేరదు. తూము ఎప్పుడు ఎత్తవలెను, ఎంతసేపు ఎత్తవలెను, ఎగువ పొలానికి ఎంత, దిగువ పొలానికి ఎంత అని చూచి, పంపకం తప్పకుండ కాచే మనిషి ఒకడు ఉండవలెను. అతనినే మన పల్లెలలో నీరటికాడు అన్నారు. చెరువు తవ్వించినవాని పేరు శాసనానికి ఎక్కినది. నీరటికాని పేరు ఏ రాతి మీదను లేదు. కాని ఊరి పంట ఆ ఇద్దరి చేతులలోను ఉన్నది.

ఈనాడు ప్రపంచమంతా కలిసి తవ్వుకొన్న పెద్ద చెరువు ఇంటర్నెట్టు. దానికి తీగలు పరచినవారు, యంత్రాలు నిలిపినవారు, చందాదారులను కూడగట్టినవారు ఎవరో మనకు కొంత తెలియును. ఏలనన వారి ప్రకటనలు ప్రతిదినం చూస్తున్నాము. కాని తూము వద్ద కూర్చున్నవారు ఎవరు? ఏ పేరు ఎవరికి చెందవలెను, ఏ లిపికి చోటు దొరకవలెను, ఈ తగవులు తీర్చే పంచాయతి ఏది? ఈ ప్రశ్న మన ఉపాధ్యాయులకు, విద్యార్థులకు దూరపు ప్రశ్న వలె కనిపించవచ్చును. అది దూరపుది కాదనియు, తెలుగు లిపి భవిష్యత్తు దానిలో ఇమిడి ఉన్నదనియు చూపుటకు ఒక వ్యక్తి జీవితాన్ని ఆధారంగా తీసుకొంటున్నాను. ఆయన మొదట తీగ వేసినారు, పిమ్మట తూము వద్ద కూర్చున్నారు. ఆయన పేరు రాజశేఖర్ రామరాజ్.

రామరాజ్ మద్రాసు విశ్వవిద్యాలయంలో రసాయన ఇంజనీరింగు, కలకత్తా ఐ.ఐ.ఎం.లో వ్యాపార నిర్వహణ చదివినవారు. కంప్యూటరు అనగా గాజుగదిలో పెట్టి చెప్పులు విడిచి చూడవలసిన వస్తువని జనం తలచే రోజులలో, 1980ల నడిమి కాలంలో, కంప్యూటర్లను దుకాణంలో పెట్టి అమ్మే ‘కంప్యూటర్ పాయింట్’ అనే సంస్థను ప్రారంభించినవారిలో ఆయన ఒకరు. సామాన్యుని చేతికి అందని వస్తువును బజారులోకి తెచ్చుట ఆయనకు అప్పటినుండి అలవడిన విద్య. ఆ విద్య పూర్తిగా పండినది మాత్రం తెలుగువారి సంస్థ ఒకదానిలో. హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ 1995 డిసెంబరులో ‘సత్యం ఇన్ఫోవే’ అనే పిల్ల సంస్థను నెలకొల్పినది. చెన్నై కేంద్రంగా పనిచేసిన ఆ సంస్థకు సారథ్యం వహించినవారు రామరాజ్. తరువాతి కాలంలో దానికే ‘సిఫీ’ అని పేరు వచ్చినది.

ఆనాటి పరిస్థితిని ఇప్పటి విద్యార్థులు ఊహించుట కష్టం. మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్టు మొదట అందినది 1995 ఆగస్టు 15న. ఇచ్చినది విదేశ్ సంచార్ నిగమ్ అనే ప్రభుత్వ సంస్థ. అదియు ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరాలకు మాత్రమే. బొమ్మలతో కూడిన సేవ కావలెనన్న గృహస్థు 250 గంటలకు 15,000 రూపాయలు చెల్లించవలెను. టెలిఫోను తీగ మీద కీచుమని అరుస్తూ, తెగుతూ, మరల కలుస్తూ అక్షరాలు ఒక్కొక్కటిగా వచ్చేవి. 1998 నవంబరులో కేంద్రప్రభుత్వం ఈ రంగం తలుపులు ప్రైవేటు సంస్థలకు తెరచినది. ఆ నెలలోనే సత్యం ఇన్ఫోవే సేవ ప్రారంభించి, దేశమంతటికిని సేవలందించే మొదటి ప్రైవేటు ఇంటర్నెట్టు సంస్థ అయినది.

తరువాతి రెండేండ్లు వేగంగా గడచినవి. 1999 అక్టోబరులో ఆ సంస్థ వాటాలు అమెరికాలోని నాస్‌డాక్ విపణికి ఎక్కినవి. అక్కడికి చేరిన మొదటి భారతీయ ఇంటర్నెట్టు సంస్థ అదియే. ఆ మరుసటి నెలలోనే రాజేశ్ జైన్ అనే యువకుడు నడిపిన ‘ఇండియావరల్డ్’ను 499 కోట్ల రూపాయలకు కొనబోతున్నట్లు ప్రకటించి లోకాన్ని విస్మయపరచినది. మరి కొద్ది నెలలకు, 2000లో, ప్రపంచమంతటను ఇంటర్నెట్టు వాటాల బుడగ పగిలినది. ఆకాశానికి ఎగిరిన ధరలు నేలకు జారినవి. అయినను సంస్థ మూతపడలేదు. ఇంటింట కంప్యూటరు లేని దేశంలో వీధికొక కేంద్రం ఉండవలెనని ‘ఐవే’ అనే పేర నెట్ సెంటర్లను విస్తరించుకొన్నది. 2006 నాటికి అవి మూడువేలకు పైబడినవి. ఎంసెట్ ఫలితాలు వెలువడేనాడు నెట్ సెంటర్ల ముందు బారులు తీరిన తండ్రులను, బిడ్డలను మన హనుమకొండ వీధులలో చూచినవారికి, ఆ చిన్న గదులు ఎంతమంది జీవితాలలో మొదటి కిటికీలైనవో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంతవరకు ఇది ఒక వ్యాపారవేత్త కథ. ఇట్టి కథలు అనేకం ఉన్నవి. కాని తీగ వేసినవానికి త్వరలోనే ఒక సత్యం తెలిసివస్తుంది. తన తీగ ఎంత గట్టిదైనను, అది పొరుగువాని తీగతో కలిసినప్పుడే దానికి విలువ. కలియుటకు ఒప్పందం కావలెను, ఒప్పందానికి నమ్మకం కావలెను, నమ్మకానికి నియమం కావలెను. దీనికి ఒక చక్కని నిదర్శనం ఉన్నది. ఆ తొలి రోజులలో ఒకే ఊరిలో ఇద్దరు వేరు వేరు సంస్థల చందాదారులైతే, ఒకరు వ్రాసిన ఉత్తరం రెండవవానికి చేరుటకు ముందు తరచుగా సముద్రాలు దాటి అమెరికా పోయి, అక్కడి కూడలిలో మలుపు తిరిగి, మరల మన దేశానికి వచ్చేది. వరంగల్లు నుండి హనుమకొండకు పోవుటకు కాశీ మీదుగా టిక్కెట్టు కొన్నట్లు! ఖర్చు డాలర్లలో, ఆలస్యం అదనం. ఈ వింతను మాన్పుటకు 2003లో ‘నిక్సీ’ అనే లాభాపేక్ష లేని సంస్థ ఏర్పడినది. పోటీదారులైన సంస్థలన్నియు దేశంలోనే ఒకచోట కలిసి తమ రాకపోకలను మార్చుకొనే సంతపేట అది. ఏ ఒక్క వ్యాపారియు ఒంటరిగా సాధింపలేని పని అది. పోటీపడేవారు ఒక బల్ల చుట్టు కూర్చుంటేనే అయినది.

దేశంలోపల ఇట్లుండగా, ప్రపంచస్థాయిలో బల్ల ఎవరిది అన్న వివాదం అప్పటికే ముదిరి ఉన్నది. ఇంటర్నెట్టుకు యజమాని లేడని అందరు అంటారు. అది చాలవరకు నిజమే. కాని ఒక పట్టిక మాత్రం ఉన్నది. ‘కామ్’, ‘ఆర్గ్’, ‘ఇన్’ వంటి చివరి పేర్లు ఏ యంత్రాన్ని సూచిస్తవో చెప్పే మూల పట్టిక అది. అది తప్పితే చిరునామాలన్నియు తప్పుతవి. చాలకాలం ఆ పనిని అమెరికాలో జాన్ పోస్టెల్ అనే శాస్త్రజ్ఞుడు కరణం గ్రామలెక్కలు వ్రాసినంత నిష్ఠగా నిర్వహించినాడు. 1998లో ఆ బాధ్యతను స్వీకరించుటకు కాలిఫోర్నియాలో ‘ఐకాన్’ అనే లాభాపేక్ష లేని సంస్థ ఏర్పడినది. అదే సంవత్సరం అక్టోబరులో పోస్టెల్ కన్నుమూసినాడు. సంస్థ ఏర్పడినను, మూల పట్టికలో ఏ మార్పు చేయవలెనన్నను అమెరికా వాణిజ్యశాఖ అనుమతి ఉండవలెననే కట్టుబాటు మిగిలినది. చెరువు ప్రపంచానిది, తూము తాళంచెవి ఒక ప్రభుత్వానిది. ఇతర దేశాలకు ఇది కంటగింపైనది.

2003లో జెనీవాలో జరిగిన సమాచార సమాజ శిఖరాగ్ర సభలో ఈ తగవు తెగలేదు. అందుపై ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ 2004 నవంబరులో 40 మంది సభ్యులతో ఒక కార్యవర్గాన్ని నియమించినారు. దాని అధ్యక్షుడు భారతీయుడైన నితిన్ దేశాయ్. సభ్యులలో రాయబారులు, ప్రభుత్వాధికారులు, పండితులు, పౌరసంఘాల ప్రతినిధులతో పాటు చెన్నై నుండి సిఫీ సారథి రామరాజ్ ఉన్నారు. ఇది గమనింపదగిన ఘట్టం. రాజ్యాల మధ్య పంచాయతిలో వ్యాపారి కూర్చున్నాడు. అతిథిగా కాదు, సమాన సభ్యునిగా.

ఆ కార్యవర్గం 2005లో తన నివేదిక ఇచ్చినది. మూల పట్టికపై పెత్తనం ఎవరిది అన్న ప్రశ్నకు అది ఒకే సమాధానం చెప్పలేకపోయినది. నాలుగు మార్గాలు చూపి ఊరుకొన్నది. కాని రెండు శాశ్వతమైన పనులు చేసినది. ఇంటర్నెట్టు పరిపాలన అనగా ప్రభుత్వాల పని మాత్రమే కాదనియు, ప్రభుత్వాలు, ప్రైవేటు రంగం, పౌరసమాజం తమ తమ పాత్రలలో కలిసి నియమాలను రూపొందించుకొని అమలు జరుపుకొనుటయే అనియు నిర్వచించినది. ఇక రెండవది, అందరు కలిసి చర్చించుకొనే ఒక వేదిక కావలెనని సూచించినది. ఆ సూచనను 2005 నవంబరులో ట్యునిస్‌లో జరిగిన సభ అంగీకరించగా ‘ఇంటర్నెట్ గవర్నెన్స్ ఫోరం’ పుట్టినది. 2006లో ఏథెన్స్, 2007లో రియో డి జనీరో నగరాలలో సమావేశమైన ఆ వేదిక మూడవ ఏట మన ఇంటికి వచ్చినది. 2008 డిసెంబరు 3 నుండి 6 వరకు హైదరాబాదులో సభలు జరిగినవి. బొంబాయిపై ఉగ్రవాదుల దాడి ముగిసి వారమైనను కాని దినాలవి. అయినను 94 దేశాలనుండి 1,280 మంది వచ్చినారు. ‘అందరికీ ఇంటర్నెట్టు’ అన్నది ఆ సభల నినాదం. అనేక భాషలలో ఇంటర్నెట్టు ఎట్లు సాధ్యం అన్నది అక్కడి ముఖ్యచర్చలలో ఒకటి.

ఇంతలో సిఫీ చేతులు మారినది. 2005లో సత్యం కంప్యూటర్స్ అందులోని తన వాటాను అమ్మివేసినది. కొన్నవారు రాజు వేగేశ్న. ఆంధ్రదేశం నుండి అమెరికా వెళ్ళి ‘సర్వర్‌వర్క్స్’ అనే సంస్థను స్థాపించి, 2001లో దానిని బ్రాడ్‌కామ్‌కు అమ్మిన ఇంజనీరు ఆయన. 2006లో సంస్థ నిర్వహణను ఆయనే చేపట్టినారు. రామరాజ్ ప్రపంచవేదికకు మరలినారు. ఐకాన్ పాలకమండలిలో సభ్యులైనారు. చెరువు తవ్విన చేయి తూము వద్దకు చేరినది.

ఆ మండలి చేసిన పనులలో మన పాఠకులకు సూటిగా సంబంధించినది ఒకటి ఉన్నది. ఇంటర్నెట్టు పేర్ల వ్యవస్థ పుట్టుకలో 26 ఆంగ్లాక్షరాలు, 10 అంకెలు, ఒక చిన్న గీత తప్ప మరి దేనికిని చోటులేదు. ప్రపంచంలోని తక్కిన లిపులన్నియు వాకిట నిలబడినవి. తెలుగులో వ్యాసం వ్రాయవచ్చును, చదువవచ్చును. కాని ఆ వ్యాసం ఉన్న ఇంటి చిరునామా మాత్రం ఆంగ్లంలోనే ఉండవలెను. ఇంటిలో తెలుగు, గుమ్మంపై ఇంగ్లీషు! 2009 అక్టోబరులో సియోల్ నగరంలో సమావేశమైన ఐకాన్ పాలకమండలి, ఆయా దేశాల పేర్లను వారి వారి లిపులలో నమోదు చేయుటకు ఒక శీఘ్రమార్గాన్ని ఆమోదించినది. ఆనాటి మండలిలో రామరాజ్ ఒక సభ్యులు. 2010 మే నెలలో అరబ్బీ లిపిలో ఈజిప్టు, సౌదీ అరేబియా, ఐక్య అరబ్ ఎమిరేట్ల పేర్లు మొదట పట్టికకెక్కినవి. 2011లో మన దేశం పేరు ఏడు భాషలలో చేరినది. వాటిలో తెలుగు ఒకటి. ‘.భారత్’ అని తెలుగక్షరాలతో ముగిసే చిరునామాకు ఆనాటినుండి ప్రపంచపు మూల పట్టికలో స్థానం ఉన్నది. ఆ నమోదుకు కూడ నాటి నియమం ప్రకారం అమెరికా వాణిజ్యశాఖ అనుమతి అవసరమైనదన్న సంగతి మరువరాదు.

దీని పనితీరు విద్యార్థులకు ఆసక్తికరం. మూల పట్టిక నేటికిని ఆంగ్లాక్షరాలనే గ్రహిస్తుంది. మనం తెలుగులో వ్రాసిన పేరును మన కంప్యూటరే ఒక నిశ్చిత సూత్రం ప్రకారం ఆంగ్లాక్షరాల, అంకెల వరుసగా మార్చుతుంది. అట్టి వరుస ‘ఎక్స్’, ‘ఎన్’ అనే అక్షరాలతోను, రెండు చిన్న గీతలతోను మొదలగును. అది చూడగానే ఇది మారువేషంలో ఉన్న మరియొక లిపి అని యంత్రం గుర్తిస్తుంది. పాత వ్యవస్థను పడగొట్టకుండ కొత్త లిపులకు చోటు కల్పించిన ఉపాయం ఇది.

ఇచ్చట ఒక ఆక్షేపణను పరిశీలింపవలసి ఉన్నది. లాభం కోరే వ్యాపారిని నియమం చేసే పీఠం మీద కూర్చుండబెట్టుట తగునా? ఈ ప్రశ్నకు బలం ఉన్నది. 2011 జూన్‌లో కొత్త పేర్ల పథకాన్ని ఆమోదించిన ఐకాన్ మండలికి అధ్యక్షుడుగా ఉన్న పీటర్ డెంగేట్ థ్రష్, పదవి ముగిసిన కొద్ది వారాలకే అట్టి పేర్ల వ్యాపారం చేసే సంస్థకు అధ్యక్షుడైనాడు. ప్రపంచమంతట విమర్శలు చెలరేగగా, ఆ సంవత్సరాంతానికి ఐకాన్ తన సభ్యులపై కఠినమైన కట్టుబాట్లు విధించుకొనవలసి వచ్చినది. కాపలా లేని చోట ప్రతిష్ఠ ఎంత పలుచనిదో తెలుగువారికి మరొకరు చెప్పనక్కరలేదు. సిఫీని కన్న సత్యం సంస్థలో లేని సొమ్మును ఖాతాలలో చూపినట్లు 2009 జనవరి 7న దాని అధిపతియే లేఖ వ్రాసి ఒప్పుకొన్నారు. సిఫీ అంతకు మూడేండ్ల ముందే ఆ ఇంటినుండి వెలుపలికి వచ్చి ఉన్నది.

అయినను ఈ ఆక్షేపణ నుండి ‘వ్యాపారిని తొలగించి ప్రభుత్వానికే తాళం ఇవ్వండి’ అన్న సిద్ధాంతం పుట్టదు. ప్రభుత్వానికి మాత్రం స్వప్రయోజనం లేదా? కాకతీయ గణపతిదేవుని మోటుపల్లి శాసనాన్ని జ్ఞప్తికి తెచ్చుకొందము. 1244 నాటి ఆ శాసనంలో, గాలివానకు గురియై తీరానికి కొట్టుకొనివచ్చిన ఓడల సరకును పూర్వపు రాజులు స్వాధీనం చేసుకొనేవారనియు, తాను మాత్రం నిర్ణీతమైన సుంకమే తీసుకొందుననియు రాజు వర్తకులకు అభయమిచ్చినాడు. అనగా రాజు తన చేతులను తానే నియమంతో కట్టుకొన్నాడు. రేవు వృద్ధికి మూలం ఆ కట్టుబాటే. నీరటికాడు కూడ ఒక రైతు కావచ్చును, అతనికి ఒక మడి ఉండవచ్చును. అందుచేతనే అతనిపై ఊరంతటి చూపు ఉండవలెను. తీగ పని తెలిసినవాడు, చట్టం తెలిసినవాడు, వాడుకొనేవాడు ముగ్గురును బల్ల వద్ద ఉండి, ఒకరినొకరు కనిపెట్టుకొని ఉండుటయే ఇంటర్నెట్టు పరిపాలనలోని సారాంశం. ఎవరి కుర్చీ ఖాళీగా ఉంటే వారి పొలమే ఎండుతుంది.

ఇక్కడనే మన సంగతి వస్తుంది. ఐకాన్ సభ కూడ ఒకసారి హైదరాబాదుకు వచ్చినది. 2016 హేమంతంలో అది ప్యూర్టోరికోలో జరుగవలసి ఉండగా, అక్కడ జికా జ్వరం వ్యాపించినందున స్థలం మార్చి, నవంబరు 3 నుండి 9 వరకు మన నగరంలో జరిపినారు. మూడువేల మందికి పైగా వచ్చినారు. ఆ సభకొక చారిత్రక విశేషం ఉన్నది. అంతకు ఒక నెల ముందు, అక్టోబరు 1న, మూల పట్టికపై అమెరికా ప్రభుత్వపు అజమాయిషీ ముగిసినది. తాళంచెవి ప్రపంచ సంఘం చేతికి వచ్చిన తరువాత ఆ సంఘం మొదటిసారి కూడినది తెలుగునేల మీద! ఎనిమిదేండ్లలో రెండుమార్లు ప్రపంచ పంచాయతి మన ముంగిట కూర్చున్నది. మన పాఠశాలలలో, కళాశాలలలో, మన సాహిత్యసభలలో దానిని గూర్చి ఎంత మాట్లాడుకొన్నాము? అది ఇంజనీర్ల వ్యవహారమని తలచి ఊరకున్నాము.

అది ఇంజనీర్ల వ్యవహారం మాత్రమే కాదు. కొత్త చిరునామాలలో ఏ తెలుగక్షరాలకు చోటుండవలెను, ఏ గుణింతం ఏ హల్లు తరువాత రావచ్చును, సున్న ఎక్కడ నిలువవచ్చును, విసర్గకు తావు ఎక్కడ అనే నియమాలను వ్రాయవలసి వచ్చినది. బ్రాహ్మి నుండి పుట్టిన భారతీయ లిపులకు ఆ నియమాలు వ్రాయుటకు ఒక పండిత బృందం ఏర్పడినది. తెలుగు నియమాలు 2019లో ప్రపంచపు మూల నియమావళిలో చేరినవి. ఇందులో రెండు చిక్కులు చూడుడు. మొదటిది, తెలుగు, కన్నడ లిపులు ఒక తల్లి బిడ్డలు. అ, ఆ, ఖ, జ, ఞ, బ, ల వంటి అక్షరాలు రెండింటను దాదాపు ఒకటే రూపు. ఒక బ్యాంకు పేరును తెలుగులో ఒకరు, అదే రూపం వచ్చునట్లు కన్నడంలో ఒక మోసగాడు నమోదు చేసుకొంటే, చూపరికి భేదం తెలియదు. కనుక ఏ అక్షరాలు ఒకదానికొకటి మారుగా నిలువగలవో పట్టిక కట్టవలసి వచ్చినది. రెండవది, ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటలో పొల్లు తరువాతి హల్లు వత్తుగా దిగిపోకుండ నిలుపుటకు మనం ఒక కనబడని గుర్తును వాడుతాము. కంటికి కనబడని దానితో మోసానికి అవకాశం గనుక, చివరి పేర్లలో దానిని నిషేధించినారు. ఇందులో భద్రత ఉన్నది, ఉచ్చారణకు కొంత నష్టమును ఉన్నది. ఆ తూకం సరియైనదా కాదా అని చెప్పగలిగినది ఎవరు? బాలవ్యాకరణం చదివి, అక్షరదోషం కంటబడితే నిద్రపట్టని తెలుగు ఉపాధ్యాయుడే! ఇట్టి ముసాయిదాలను ఐకాన్ బహిరంగంగా ప్రకటించి అభిప్రాయాలు కోరుతుంది. వ్రాయుటకు డబ్బు అక్కరలేదు, సిఫారసు అక్కరలేదు.

ఇంకొక బాధ ఉన్నది. చోటు దొరికినంత మాత్రాన వాడుక రాలేదు. తెలుగు చిరునామాను, తెలుగక్షరాల ఈ-ఉత్తరపు పేరును అనేక దరఖాస్తు పత్రాలు నేటికిని తప్పని త్రోసిపుచ్చుతున్నవి. యంత్రం చేతకాక కాదు. ఆ పత్రాన్ని తయారుచేసినవానికి ఆంగ్లేతర లిపులు ఉన్నవన్న స్ఫురణ లేక. ఈ లోపాన్ని సరిదిద్దుటకు ఏర్పడిన అంతర్జాతీయ బృందానికి కొన్నేండ్లు అధ్యక్షత వహించినవారు జైపూరుకు చెందిన వ్యాపారవేత్త అజయ్ డేటా. ఇచ్చట కూడ తీగ పని తెలిసిన భారతీయుడే ముందుకు వచ్చినాడన్నది గమనింపవలెను. 2012లో కొత్త చివరి పేర్లకు దరఖాస్తులు పిలిచినప్పుడు ఒక్కొక్కదానికి రుసుము 1,85,000 డాలర్లు. ప్రపంచం మొత్తం మీద 1,930 దరఖాస్తులు వచ్చినవి. రెండవ విడతకు 2026 ఏప్రిల్ నుండి ఆగస్టు వరకు గడువుగా ప్రకటించి, రుసుము 2,27,000 డాలర్లుగా నిర్ణయించినారు. మన లెక్కలో అది సుమారు రెండు కోట్ల రూపాయలు. అర్హతగల పేద సంస్థలకు రాయితీ ఉన్నది. ఇట్టి అవకాశాలు వచ్చి పోతుంటవి. తెలుగు తరఫున అడుగవలెనని తలచే సంస్థ ఉన్నప్పుడే అవి మనకు అవకాశాలు.

విశాఖతీరంలో 2025 అక్టోబరులో సిఫీ సంస్థ సముద్రపు తీగలు ఒడ్డుకు చేరే కేంద్రానికి, దత్తాంశ భాండాగారానికి శంకుస్థాపన జరిపించినది. ఒకనాడు మోటుపల్లిలో ఓడలు దిగినట్లు, రేపు విశాఖలో ప్రపంచ సమాచారం దిగవచ్చును. తీగలు పరచుటలో, యంత్రాలు నడుపుటలో, ప్రోగ్రాములు వ్రాయుటలో తెలుగువారు ఎవరికిని తీసిపోలేదు. కొరత వచ్చినది తూము వద్ద. మన బిడ్డలకు ఇంజనీరింగు చదువు చెప్పించినాము, విదేశాలకు పంపినాము. నియమాలు వ్రాసే బల్ల ఒకటున్నదని, అక్కడ భాష తెలిసినవానికి కూడ కుర్చీ ఉన్నదని చెప్పలేదు.

రామరాజ్ జీవితంనుండి గ్రహింపవలసినది ఆయన సంపాదించిన ధనం కాదు, కొన్నిసార్లు పోగొట్టిన ధనమును కాదు. వ్యాపారం నేర్పిన అనుభవాన్ని పదిమంది పంపకానికి ఉపయోగపెట్టవచ్చునని ఆ జీవితం చూపుతున్నది. ఆ స్థానం వారసత్వంగా వచ్చినది కాదు. పని తెలిసి, ఓపికగా కూర్చుని, ఇతరుల మాట వినగలవారికి అది లభించినది. అట్టి ఓపిక మన ఉపాధ్యాయలోకంలో సమృద్ధిగా ఉన్నది.

కనుక పని చిన్నదానితో మొదలుకావచ్చును. ప్రతి ఉన్నత పాఠశాలలో ఒక తెలుగు గంటను, ఒక కంప్యూటరు గంటను కలిపి, ‘.భారత్’ అనే పేరు మూల పట్టికకు ఎట్లు చేరినదో పిల్లలకు చెప్పవచ్చును. పాఠశాలకు తెలుగులో ఒక చిరునామా కోరవచ్చును. ఏ ప్రభుత్వ పత్రమైనను తెలుగక్షరాలను నిరాకరిస్తే, ఆ పత్రం తేదీతో సహా వ్రాసి సంబంధిత శాఖకు పంపించుట పదవ తరగతి విద్యార్థులకు లేఖారచనలో మంచి అభ్యాసం. వందమంది విద్యార్థులు అట్టి వంద లేఖలు వ్రాస్తే, అందులో ఒకరైనను రేపు ఆ బల్ల వద్దకు పోయి కూర్చుంటారు. చెరువు ఇప్పటికే నిండి ఉన్నది. చివరి మడి మనది. నీరు కావలెనన్నవాడు గట్టు మీదికి పోయి నిలబడక తప్పదు.